పిలిచేవారు లేక నిలిచిపోయినవారు



మత్తయి సువార్త 20వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ద్రాక్షతోట పనివారి ఉపమానము మీకందరికి తెలిసినదే. సాధారణముగా మనము దాని చివరనున్న కూలి లెక్క దగ్గర ఆగిపోతాము. గంటసేపు చేసినవానికి, దినమంతా చేసినవానికి ఒకే కూలి ఎలా ఇస్తారని ఆలోచిస్తాము. ఈ వారము మాత్రము ఆ కూలి లెక్కకు కొంచెము ముందు జరిగిన సంగతిని చూద్దాము. పొద్దు వాలిపోతోంది. సంత వీధిలో కొందరు ఇంకా ఖాళీగా నిలబడి ఉన్నారు. ఊరకనే ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగాడు. తమను పనికి పిలిచినవారే లేరని వారు చెప్పారు.

గమనించండి, వారు సోమరులు కారు. సోమరి అయితే ఇంట్లో పడుకునేవాడు. వీరు దినమంతా పని దొరికే చోటనే నిలబడ్డారు. వచ్చిన వారంతా వీరిని చూశారు, పక్కవారిని తీసుకొని వెళ్ళిపోయారు.

ప్రియులారా, మన సంఘములలో కూడా అలా నిలబడిన యౌవనస్థులు ఉన్నారు. డిగ్రీ పాసై ఆరు ఇంటర్వ్యూలకు వెళ్ళి ఆరింటి నుండీ తిరిగి వచ్చినవాడు ఉంటాడు. లెక్కలలో దిట్టయై ఉండి కూడా నలుగురిలో నోరు విప్పలేని అమ్మాయి ఉంటుంది. చేతిపని చక్కగా వచ్చి కూడా ఫారము నింపమంటే అక్షరాలు తారుమారు చేసే అబ్బాయి ఉంటాడు. “వాడు అదోలా ఉంటాడండి” అని ఒక్క మాటతో మనము వారిని పక్కన పెట్టేస్తాము. ఆ “అదోలా” అనే మాట వెనుక ఏమున్నదో, వారికి పని ఇవ్వడానికి ఏమి చెయ్యాలో ఈ దినము వివరముగా తెలుసుకుందాము.

మెదడు తీరులో వైవిధ్యము

ఐదు వేళ్ళూ సమానముగా ఉండవని మన పెద్దలంటారు. మనుషుల మెదళ్ళు కూడా అంతే. చూసినదానిని, విన్నదానిని, చదివినదానిని అందరి మెదడూ ఒకే విధముగా గ్రహించదు. ఈ వైవిధ్యమునే ఇంగ్లీషులో న్యూరోడైవర్సిటీ అంటున్నారు. 1990లలో ఆటిజం గలవారు ఇంటర్నెట్టు ద్వారా ఒకరినొకరు కనుగొని మాట్లాడుకొంటున్న రోజులలో ఈ ఆలోచన రూపు దిద్దుకొన్నది. ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ 1998లో తన పరిశోధన వ్యాసములో ఈ మాటను వాడారు. మెదడు తీరు వేరుగా ఉన్నంత మాత్రాన మనిషి విలువ తగ్గదు అనేదే దీని సారాంశము.

ఈ మాట కిందికి వచ్చేవాటిలో ముఖ్యమైనవి కొన్ని చెబుతాను. మొదటిది ఆటిజం. ఆటిజం గలవారికి ఎదుటివారి ముఖకవళికలు, మాటల మరుగునున్న అర్థము వెంటనే పట్టుబడకపోవచ్చు. శబ్దము, వెలుతురు, వాసన మనకంటె చాలా తీవ్రముగా తగలవచ్చు. రోజూ జరిగే క్రమము మారితే కలవరపడతారు. ఇష్టమైన విషయములో మాత్రము గంటల తరబడి మనసు నిలుపుతారు. రెండవది ఏడీహెచ్‌డీ. వీరికి మనసును ఒకచోట నిలపడము, సమయాన్ని అంచనా వేసుకోవడము, కుదురుగా కూర్చోవడము కష్టము. మూడవది డిస్లెక్సియా. తెలివికి లోటుండదు గాని చదవడము, రాయడము భారమవుతుంది. 2007లో వచ్చిన తారే జమీన్ పర్ అనే హిందీ సినిమా ద్వారా మన దేశములో చాలా కుటుంబములకు ఈ పేరు తెలిసింది. ఇవిగాక లెక్కలకు సంబంధించిన డిస్కాల్క్యులియా, కదలికల పొందికకు సంబంధించిన డిస్ప్రాక్సియా కూడా ఉన్నాయి.

ఇవి అంటువ్యాధులు కావు. పిచ్చి కాదు. మనిషి పుట్టుక నుండి పెరుగుదల నుండి వచ్చేవి, జీవితాంతము ఉండేవి. 2021 నాటికి ప్రపంచములో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సగటు ప్రకారము వెయ్యిమంది ఉన్న సంఘములో ఎనిమిదిమంది దాకా ఉండవచ్చు. మీ సంఘములో వారు ఎక్కడ కూర్చుంటున్నారో ఒకసారి జ్ఞాపకము చేసుకోండి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు ఇతని పాపమా, తలిదండ్రుల పాపమా అని అడిగారు. ప్రభువు ఆ రెండింటినీ కొట్టివేశాడు. అయినా రెండువేల సంవత్సరముల తరువాత కూడా ఆ ప్రశ్న మన మధ్య తిరుగుతూనే ఉన్నది. అమెరికాలో కూడా 1950లు, 60లలో తల్లి ప్రేమ చూపకపోవడము వలన ఆటిజం వస్తుందని కొందరు నిపుణులే చెప్పి ఎందరో తల్లుల గుండెలు గాయపరచారు. అది తప్పని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కాబట్టి మన సంఘములలో ఏ తల్లినీ “నీవేమి చేశావమ్మా” అని అడగవద్దు. “వానికి ఏ పని వచ్చమ్మా” అని అడగండి.

ఇద్దరు మనుషుల చరిత్ర

ఇప్పుడు మీకు ఒక నిజమైన చరిత్ర చెబుతాను. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రములో ఫారెస్ట్ అనే చిన్న ఊరున్నది. 1933లో ఆ ఊరిలో డోనాల్డ్ ట్రిప్లెట్ అనే బిడ్డ పుట్టాడు. తండ్రి న్యాయవాది. తల్లి తరపువారిది ఆ ఊరి బ్యాంకు. బిడ్డ పిలిస్తే పలికేవాడు కాడు, అంకెలతోను తన మాటలతోను తానే ఆడుకునేవాడు. వైద్యుల సలహా మీద మూడేళ్ళ వయసులో అతనిని ఇంటికి దూరముగా ఒక సంస్థలో ఉంచారు. సుమారు ఒక సంవత్సరము తరువాత తలిదండ్రులు మనసు ఒప్పక, అక్కడి అధికారి వద్దన్నా వినక, ఇంటికి తెచ్చుకొన్నారు. 1938లో బాల్టిమోరులోని లియో కానర్ అనే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళారు. 1943లో కానర్ పదకొండుమంది పిల్లలను గురించి ఒక వ్యాసము ప్రకటించాడు. ఆటిజం అని నేడు మనము పిలిచే దానిని వివరించిన ప్రసిద్ధమైన వ్యాసము అదే. అందులో మొదటి బిడ్డ ఈ డోనాల్డే.

తరువాత ఏమి జరిగిందో వినండి. 1942లో తలిదండ్రులు అతనిని ఊరికి కొంత దూరములో ఉన్న ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. ఆ దంపతులు ఏ సెమినరీలోను చదవలేదు, ఏ మనస్తత్వశాస్త్రము నేర్వలేదు. పిల్లవానికి లెక్కపెట్టే పిచ్చి ఉన్నదని చూశారు. దానిని మాన్పించాలని కొట్టలేదు. దున్నుతూ మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టమన్నారు. కొలతల మీద మనసు పోతే బావి తవ్వుతూ దాని లోతు కొలిచి చెప్పమన్నారు. కానర్ 1945లో చూడబోయినప్పుడు ఆ పిల్లవాడు గుర్రమును చక్కగా మళ్ళిస్తూ నాగలి దున్నుతున్నాడు. చూశారా ప్రియులారా, వానిలో ఉన్నదానిని పీకివేయక, దానికే ఒక పని కుదిర్చారు.

డోనాల్డ్ పెద్దవాడై మిల్‌సాప్స్ కళాశాలలో చదివి 1958లో పట్టభద్రుడయ్యాడు. సొంత ఊరికి తిరిగి వచ్చి ఆ బ్యాంకులో ఉద్యోగములో చేరాడు. కౌంటరులో డబ్బు తీసుకొని ఇచ్చే గుమస్తాగా ఉంటూ ప్రమోషన్ కావాలని కోరలేదని, వచ్చేవారితో బాగానే మెలగుతున్నాడని తల్లి కానర్‌కు రాసింది. సుమారు 65 సంవత్సరములు అతడు ఆ బ్యాంకుతోనే ఉన్నాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు తిరిగి వచ్చాడు. 2023లో 89వ ఏట మరణించాడు. వృద్ధాప్యములో అతనిని గురించి రాయడానికి విలేఖరులు ఆ ఊరు వెళితే, అతనిని నొప్పిస్తే ఊరుకోమని ఊరివారు ముందే హెచ్చరించారట. చిల్లర డబ్బాను దాచుకొన్నట్టు ఊరంతా ఒక మనిషిని కాచుకొన్నది.

“అతనికి సొంత బ్యాంకు ఉన్నది గనుక ఉద్యోగము వచ్చింది” అని మీరనవచ్చు. నిజమే. సంపన్నులైన తెల్లజాతి కుటుంబము వారిది. అందుకే ఆ పదకొండుమందిలో ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. కానర్ తన వ్యాసములో అతనిని ఫ్రెడరిక్ అని మాత్రమే పిలిచాడు. అతడు పెద్దవాడై ఒక కార్యాలయములో కాగితముల నకళ్ళు తీసే యంత్రముల మీద పనిచేశాడు. మన ఊళ్ళలో జిరాక్సు పని అంటామే, అటువంటిది. నమ్మకముగా, శ్రద్ధగా పనిచేస్తాడని, తోటివారిని పట్టించుకుంటాడని అతని పై అధికారి 1970లో మెచ్చుకొంటూ రాశాడు. అతడు అక్కడ ఉండడానికి కారణము బంధుత్వము కాదు, అతని పని.

1971లో కానర్ ఆ పదకొండుమంది ఏమయ్యారో మరల రాశాడు. ప్రభుత్వ మానసిక ఆశ్రయములలో వదిలివేయబడినవారు ఉన్న కొద్ది తెలివి వెలుగును కూడా పోగొట్టుకొన్నారని దుఃఖముతో రాశాడు. అలా చేర్చడము యావజ్జీవ శిక్షతో సమానమని అతని అభిప్రాయము. అందరి పరిస్థితీ ఒక్కటే కాదు, కొందరికి బలహీనత ఎక్కువగానే ఉండి ఉండవచ్చు. అయినా ఒక సంగతి విస్మరించలేము. పొలములోనో బ్యాంకులోనో ఆఫీసులోనో ఎవరైతే చోటు చూపారో, అక్కడ మనిషి వికసించాడు.

తలుపు దగ్గరే ఆగిపోవడము

మరి ఈనాడు పరిస్థితి ఏమిటి? 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో రాబర్ట్ బక్లాండ్ నాయకత్వములో ఆటిజం గలవారి ఉద్యోగములను గురించి ఒక నివేదిక వెలువడింది. పనిచేసే వయసులో ఉన్న ఆటిజం గలవారిలో పదిమందికి సుమారు ముగ్గురే ఉద్యోగములో ఉన్నారని అది చెప్పింది. వైకల్యము గలవారందరిని కలిపి చూస్తే పదికి ఐదుగురు, వైకల్యము లేనివారిలో పదికి ఎనిమిదిమంది. అన్ని చట్టములు, అన్ని సౌకర్యములు ఉన్న దేశములోనే ఇలా ఉన్నది.

ఎందుకిలా? చాలామంది పనిలో ఓడిపోవడము లేదు. పని దగ్గరకు వెళ్ళే తలుపు దగ్గరే ఓడిపోతున్నారు. ఆ తలుపు పేరు ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో మనము దేనిని చూస్తాము? చెయ్యి కలిపాడా, నవ్వాడా, కళ్ళలోకి చూశాడా, తన గురించి తాను గొప్పగా చెప్పుకొన్నాడా? మన ఇళ్ళలో పెద్దల కళ్ళలోకి సూటిగా చూస్తే “ఏమిటా చూపు” అని గద్దిస్తాము. అదే పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగానికి పోతే, కళ్ళలోకి చూడలేదు గనుక ధైర్యము లేదని తీసివేస్తాము. స్టోరు రూములో సరుకు లెక్క చూసే పనికి చిరునవ్వుతో ఏమి అవసరము? రాత్రిపూట ల్యాబులో శాంపిళ్ళ మీద నంబర్లు వేసే పనికి వాక్చాతుర్యముతో ఏమి అవసరము?

ఇంకొక సంగతి. మన మాటతీరు కూడా వారికి అడ్డుగోడే. “రేపు కనపడు బాబూ” అని షాపు యజమాని అంటే లేదని అర్థమని మనకు తెలుసు. ఆటిజం గల అబ్బాయి ఆ మాటను నమ్ముతాడు. రేపు తొమ్మిదింటికి వచ్చి నిలబడతాడు. ఎల్లుండి కూడా వస్తాడు. యజమానికి విసుగు, అబ్బాయికి అయోమయము. ఇందులో ఎవరి మాట సూటిగా ఉన్నది? ఆటిజం గల బ్రిటిషు పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ఇదే చెప్పాడు. వారు మనలను అర్థము చేసుకోలేరని మనము అంటున్నాము గాని, మనము కూడా వారిని అర్థము చేసుకోలేకపోతున్నాము, లోటు ఇరువైపులా ఉన్నది అన్నాడు.

ఈ తలుపును మార్చినవారు ఉన్నారు. డెన్మార్కులో తోర్కిల్ సోన్నె అనే ఉద్యోగి కుమారునికి ఆటిజం ఉన్నదని తేలింది. తన బిడ్డ పెద్దవాడైతే ఎవరు పని ఇస్తారని ఆ తండ్రి ఆలోచించాడు. 2004లో స్పెషలిస్టెర్నె అనే సంస్థను ప్రారంభించాడు. నిపుణులు అని ఆ పేరుకు అర్థము. ఆటిజం గలవారికి కంప్యూటరు పరీక్షల వంటి పనులు ఇవ్వడము ఆ సంస్థ ఉద్దేశము. అక్కడ ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టడానికి బదులు, లెగో బొమ్మల రోబోట్లు చేతికిచ్చి తయారు చెయ్యమనేవారు. ఎలా ఆలోచిస్తున్నాడో చేతులే చెబుతాయి. తరువాత ఎస్.ఏ.పి. అనే జర్మను సాఫ్ట్‌వేర్ కంపెనీ మన బెంగళూరు కార్యాలయములో ఆటిజం గల ఆరుగురిని పరీక్షకులుగా తీసుకొని, ఫలితము చూసి, 2013లో ఆ సంస్థతో కలిసి అనేక దేశములలో ఈ పనిని విస్తరింపజేయ తలపెట్టింది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యములోని మైక్రోసాఫ్ట్ కూడా 2015లో ఇటువంటి ప్రయత్నము మొదలుపెట్టింది. ఒక గంట ఇంటర్వ్యూకు బదులు కొన్ని దినములు కలిసి పనిచేయించి చూసే పద్ధతిని పెట్టింది.

అయితే ఇక్కడ ఒక అపాయము ఉన్నది, జాగ్రత్తగా వినండి. ఈ మాటలు విని ఆటిజం గలవారందరు కంప్యూటరు మేధావులని అనుకోవద్దు. కొందరు మేధావులు, చాలామంది మనవంటివారు, మరికొందరికి దినదినము తోడు కావాలి. కొందరికి మాట కూడా రాదు. మేధావి అయితేనే చోటు అనుకుంటే మనము పాత తలుపు తీసి కొత్త తలుపు బిగించినట్టే. మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయములో పౌలు శరీరమును గురించి చెబుతూ, బలహీనముగా కనబడే అవయవములు మరింత అవసరమైనవని బోధించాడు. ఎక్కువ సంపాదించి పెట్టే అవయవములకే చోటు అనలేదు.

ఏమి మార్చాలి?

ఇప్పుడు ఆచరణలోకి వద్దాము. వీటిలో చాలావాటికి ఖర్చు లేదు.

మొదటిది, పనినే పరీక్షించండి. రెండు మూడు దినములు చేయించి చూడండి, ఆ దినములకు కూలి ఇవ్వండి. ఇంటర్వ్యూ తప్పదంటే ప్రశ్నలు ముందుగా కాగితము మీద ఇవ్వండి.

రెండవది, సూటిగా చెప్పండి. “కాస్త ఇది చూసుకో” అంటే ఏమి చూడాలి, ఎంత చూడాలి? “ఈ అరలోని మందులలో ఈ నెల గడువు తీరేవాటిని తీసి ఈ డబ్బాలో పెట్టు, పన్నెండింటికి నాకు చెప్పు” అనండి. చెప్పినదానిని ఒక కాగితము మీద రాసి ఇవ్వండి. చదవడము కష్టమైనవారికి ఫోనులో మాట రికార్డు చేసి ఇవ్వండి.

మూడవది, మార్పును ముందుగా తెలపండి. రేపు వేరే గదిలో కూర్చోవాలన్నా, వేరే షిఫ్టుకు రావాలన్నా ఈ దినమే చెప్పండి.

నాలుగవది, శబ్దము, వెలుతురు గమనించండి. జనరేటరు పక్కన, మిణుకుమనే ట్యూబులైటు కింద కూర్చోబెట్టవద్దు. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుంటే పొగరు అనుకోవద్దు.

ఐదవది, ఒక మనిషిని చూపించండి. సందేహము వస్తే ఎవరిని అడగాలో ఒకే ఒక్క పేరు చెప్పండి. ఆ ఒక్కరు ఓర్పుగలవారై ఉండాలి.

ఆరవది, పెద్ద పనిని ముక్కలు చెయ్యండి. ముఖ్యముగా ఏడీహెచ్‌డీ గలవారికి “నెలాఖరుకు పూర్తి చెయ్యి” అనడముకంటె ఈ వారము ఇంత, వచ్చే వారము ఇంత అని చెప్పడము మేలు. గంటకొకసారి లేచి నడిచి వస్తే తప్పు పట్టవద్దు.

ఏడవది, తప్పు జరిగితే అందరి ఎదుట ఎద్దేవా చెయ్యవద్దు. పక్కకు పిలిచి ఏది తప్పో, ఎలా చెయ్యాలో స్పష్టముగా చెప్పండి. సూటిపోటి మాటలు వారికి అర్థము కావు, నొప్పి మాత్రము అర్థమవుతుంది.

“ఒక్కనికి ఇన్ని సదుపాయములు చేస్తే తక్కినవారికి అన్యాయము కాదా” అని ఎవరైనా అడగవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకొన్న గుమస్తాను చూసి మిగతావారు అన్యాయమని అంటారా? అతడు అక్షరము చూడగలిగాడు, అంతే. పైగా సూటియైన మాట, ముందుగా తెలిపిన మార్పు, రాసి ఇచ్చిన పని ఎవరికి చేదు? ఒక్కనికోసము చేసినది అందరికీ మేలవుతుంది. నిర్గమకాండము 4వ అధ్యాయములో మోషే తన నాలుక మందమని మొరపెట్టుకొన్నాడు. దేవుడు అతనిని పనిలోనుండి తీసివేయలేదు, నోరు తిరిగేవరకు ఆగమని చెప్పలేదు. మాట్లాడడానికి అహరోనును తోడిచ్చి పంపాడు. పని మోషేదే, ఏర్పాటు దేవునిది.

చట్టము ఏమంటున్నది?

మన దేశపు చట్టము కూడా ఈ మాటే చెబుతున్నది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు రకములే ఉండేవి, ఆటిజం లేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. అందులో 21 రకములున్నాయి. ఆటిజం, డిస్లెక్సియా వంటి నేర్చుకోవడములోని ప్రత్యేక ఇబ్బందులు, మేధో వైకల్యము వాటిలో ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగములలో వికలాంగులకు నాలుగు శాతము కేటాయించి, అందులో ఒక శాతమును ఆటిజం, మేధో వైకల్యము, నేర్చుకోవడములో ఇబ్బంది, మానసిక అనారోగ్యము గలవారికి, ఒకటికంటె ఎక్కువ వైకల్యములు గలవారికి కలిపి ఉంచారు. నలభై శాతము లేక అంతకు మించిన వైకల్యము ఉన్నట్టు ధ్రువపత్రము కావాలి. మన జిల్లాలలో సదరం సర్టిఫికెట్టు అని పిలుచుకొన్నది, ఇప్పుడు యూడీఐడీ కార్డు అంటున్నది దీని కొరకే. ఏడీహెచ్‌డీ పేరు మాత్రము ఆ పట్టికలో విడిగా లేదు.

మోయలేనంత భారము కానంతవరకు తగిన సర్దుబాటు చెయ్యాలని ఆ చట్టము చెబుతున్నది. ప్రభుత్వ కార్యాలయములు తమ వికలాంగ ఉద్యోగులకు ఈ సర్దుబాటు చేసి తీరాలి. సమాన అవకాశముల విధానమును ప్రకటించే బాధ్యత ప్రైవేటు సంస్థల మీద కూడా ఉన్నది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యము గలవారి కొరకు 1984లో స్థాపించబడిన జాతీయ సంస్థ ఉన్నది. నేడు దాని పేరు నైపిడ్. దారి తెలియని తలిదండ్రులు అక్కడ అడిగి తెలుసుకొనవచ్చు.

మన ఇంటి నుండే

కాని చట్టము తలుపు తీయగలదు గాని లోపలికి రమ్మని చెయ్యి పట్టుకోలేదు. ఆ పని మనది.

మన సంఘములలో మిషను బడులు నడిపేవారున్నారు, ఆసుపత్రులు నడిపేవారున్నారు. మందుల షాపు, బట్టల షాపు, ప్రింటింగు ప్రెస్సు, రైసు మిల్లు గలవారున్నారు. మీ దగ్గర రికార్డుల గది ఉన్నది. గ్రంథాలయము ఉన్నది. సరుకు లెక్క ఉన్నది. మొక్కలకు నీళ్ళు పోసే తోట ఉన్నది. ఒక్క కొలువు చూడండి. ఒక్కరిని పిలవండి. మూడు నెలలు ఓపిక పట్టండి.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. ఇటువంటి యౌవనస్థుల చేత మనము కుర్చీలు వేయిస్తాము, మందిరము ఊడిపిస్తాము, మైకు సెట్టు మోయిస్తాము. “వాడు ప్రభువు పని ఎంత బాగా చేస్తాడండి” అని మెచ్చుకొంటాము. మందిర శుభ్రతకు జీతము ఇచ్చే ఉద్యోగము ఉన్నప్పుడు మాత్రము వేరొకరిని పెట్టుకొంటాము. ప్రియులారా, ఇది న్యాయము కాదు. ఇష్టపూర్వకముగా చేసే పరిచర్య వేరు, ఎదురు చెప్పలేడు గనుక ఊరకనే చేయించుకోవడము వేరు. పని చేసినవాడు జీతమునకు పాత్రుడు. ఉపమానములోని యజమాని సాయంకాలము పిలిచినవారికి దీవెన మాటలు చెప్పి పంపలేదు, కూలి చేతిలో పెట్టాడు.

తలిదండ్రులారా, మీ మనసులోని భయము నాకు తెలియనిది కాదు. “మేము పోయిన తరువాత వీని గతి ఏమిటి” అని రాత్రులు మేలుకొంటారు. ఆ భయమునుబట్టి బిడ్డను ఇంట్లో దాచవద్దు. ఆ రైతు చేసినట్టు, బిడ్డ దేనిని మాటిమాటికి చేస్తున్నాడో చూడండి. వరుసగా పేర్చుతున్నాడా, లెక్కపెడుతున్నాడా, విప్పి బిగిస్తున్నాడా? పని అక్కడ నుండే మొదలవుతుంది. బస్సు ఎక్కడము, డబ్బు లెక్కచూడడము, సమయానికి తయారవడము చిన్ననాటినుండే నేర్పండి.

ఈ మాటలు వింటున్న నీవే ఆ యౌవనస్థుడవైతే, నీవే ఆ సహోదరివైతే, నీకు ఒక మాట. నీవు ఆరు ఇంటర్వ్యూలలో తిరస్కరించబడి ఉండవచ్చు. అక్కడ వారు చూసినది నీ పలకరింపును, నీ పనిని ఇంకా ఎవరూ చూడలేదు. నీకు ఏది సులువో, ఏది కష్టమో ఒక కాగితము మీద రాసిపెట్టుకో. నమ్మకమైన ఒక పెద్దను తోడు తీసుకొని వెళ్ళు. తోడు అడగడము సిగ్గు కాదు, మోషే కూడా తోడుతోనే వెళ్ళాడు.

ప్రియ శ్రోతలారా, ఆ యజమాని పొద్దు వాలిన తరువాత కూడా మరల సంత వీధికి వెళ్ళాడు. పనివారు చాలరని వెళ్ళాడో లేదో మనకు చెప్పబడలేదు. ఇంకా నిలబడి ఉన్నవారు ఉన్నారేమో అని చూశాడు, ఉన్నారు, పిలిచాడు. రేపు సోమవారము. మీ షాపు తెరిచేటప్పుడు, మీ ఆఫీసు కుర్చీలో కూర్చునేటప్పుడు, మీ వీధిలో ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.

పిలిచే మనసును, పిలువబడినవారిని ఓపికతో నిలుపుకొనే కృపను దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.